భారతమ్మ పిలుపు

పొద్దు వాలగానే భారతమ్మ మైకు ముందు కూర్చుని గొంతు సవరించుకునేది. నెత్తి మీదుగా విమానం పోతుంటే నోరు మూసుకుని, మోత తగ్గాక విడిచిన చోటే మాట అందుకునేది. శంషాబాద్‌లో రేడియో నడపడానికి పెద్ద చదువు అక్కర్లేదు గానీ ఈ ఓపిక మాత్రం రోజూ కావాలి.

అసలు ఆ రేడియో పుట్టిందే బర్రెల కోసం. ఎయిర్‌పోర్టుకని ఊరు ఖాళీ చేసినప్పుడు జనం మైలార్‌దేవ్‌పల్లికీ, అత్తాపూర్‌కీ, తుక్కుగూడకీ చెదిరిపోయారు. ఆ సంగతి బర్రెలకు ఎవరూ చెప్పలేదు. అవి పాత దొడ్లు వెతుక్కుంటూ పోయి, కొత్త ప్రహరీ దగ్గర దారి తప్పేవి. మహిళా సంఘం వాళ్లు కాళ్లరిగేలా తిరిగి పర్మిషన్ తెచ్చి, రోడ్డు పక్క డాబాలో స్టేషన్ పెట్టారు. భారతమ్మ గుర్తులు చెప్పి "ఇంటికి రావే" అని పిలిస్తే, పోయింది ఏదైనా సరే పిలిపించినవాళ్ల గుమ్మానికి వచ్చేది. వంకర కొమ్ము బర్రె వచ్చింది. కుర్మయ్య సైకిలు దానంతటదే దొర్లుకుంటూ వచ్చింది. సోమయ్యకు కరువైన నిద్ర కూడా వచ్చింది, కాకపోతే కాస్త ఆలస్యంగా. అందుకాయన స్టేషన్‌కొచ్చి నానా మాటలూ అని పోయాడు. గుమ్మం ముందు చెంబుతో నీళ్లు పెట్టాలి, పిలుపు మీద వచ్చేదాన్ని దారిలో ఆపకూడదు. పద్ధతి అంతే.

అందరివీ పిలిచిన భారతమ్మను పిలిచేవాళ్లే లేరు. మొగుడు పోయాక ఆమె చెల్లెలు రేణుకమ్మ ఇంట్లోనే ఉండేది. పోచమ్మకు ఆ అక్కచెల్లెళ్ల బోనాలు పక్కపక్కనే పోవాలని ఇంటి వాడుక. ఊళ్లో ఆఖరి బోనాల నాడు భారతమ్మ తన కుండకు ఇంకా సున్నం పూస్తుండగానే, రేణుకమ్మ ఒక్కతే తన బోనం ఎత్తుకుని పోయింది. "నీ గడప తొక్క" అని భారతమ్మ చెప్పులైనా వేసుకోకుండా వచ్చేసింది. స్టేషన్ పెట్టాక దాని వెనక గదే ఆమెకు ఇల్లయింది. చెల్లెలు తుక్కుగూడలో ఉందని తెలుసు. పోవాలనిపించిన ప్రతిసారీ అభిమానం అడ్డొచ్చేది.

ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. తెల్లారితే డాబా కూలగొడతారు. భారతమ్మ సామాను గోనెసంచిలో కట్టింది గానీ, దాన్ని ఎక్కడికి మోసుకుపోవాలో తెలియలేదు. ఎంత అలిసిపోయిందంటే, ఏడవడానికి కూడా ఓపిక లేదు.

"అక్కా, ఫోనొచ్చింది. ఇగ ఇదే ఆఖరిది," అన్నాడు మిషన్లు చూసుకునే శేఖర్.

"ఏం పోయిందంట?"

"మనిషంట. నువ్వే ఇను." ఫోను స్పీకర్‌లో పెట్టాడు.

"మా మనిషి తప్పిపోయింది," అంది అవతలి ఆడగొంతు. "ఎడమ చేతి మీద తేలు పచ్చబొట్టు. చాయ్‌ల ఉప్పేసుకుంటది. కోపమొస్తే చెప్పులిడిసి పోతది. గొంతు మీకందరికీ ఎరికే."

భారతమ్మ ఎడమ చేయి కొంగు కిందికి జరిగింది. "ఎవరు పిలుస్తున్నరని చెప్పాలె?"

"తుక్కుగూడ రేణుకమ్మ. ఆ బోనాల నాడు మబ్బు పట్టిందని ఆగలే. తప్పు నాదే."

"ఇన్నేండ్లు ఎందుకు పిలువలే?"

"పిలిచేటిదే నువ్వాయె. నిన్ను పిలువమని నిన్నే ఎట్ల అడగాలె? రేపట్నుంచి గా పిలుపు గూడ ఉండదంటున్నరు. అందుకే అడుగుతున్న. జర పిలువక్కా."

పైన విమానం పోతోంది. భారతమ్మ ఆగింది. మోత తగ్గాక మైకు దగ్గరికి లాక్కుని, తేలూ, ఉప్పు చాయ్, చెప్పులూ, ఏదీ వదలకుండా గుర్తులన్నీ చెప్పింది. చివరికి ఎప్పటిలాగే, "పొద్దు గూకుతుంది, ఇంటికి రావే," అంది.

మాట పూర్తవుతూనే ఆమె కాళ్లు లేచాయి. మెట్లు దిగాయి, తుక్కుగూడ దారి పట్టాయి. గోనెసంచీ, గుమ్మంలో చెప్పులూ ఉన్నచోటే ఉన్నాయి. శేఖర్ వాటిని చూశాడు గానీ వెనక నుంచి కేకేయలేదు. రేపు బండి మీద ఇచ్చొద్దామనుకుని స్విచ్చి కట్టేశాడు.

తుక్కుగూడలో రేణుకమ్మ చెంబు పక్కన పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. అరుగు మీద రెండు కుండలున్నాయి. రెంటికీ సున్నం పూయలేదు.

"వస్తివా," అంది. "కాళ్లు కడుక్కో. సున్నం నానవెట్టిన."