ఉత్తరాన కనకాంబరాల మడి

నేను ఒక ఫైలును. అట్టల ఫైలును కాదు, దారం కట్టిన ఫైలును అంతకంటే కాదు. కంప్యూటర్లో ఉండే ఫైలును. నా పేరు ‘క్రయ మూలం’. ఎవరు ఇల్లు కొన్నా, స్థలం కొన్నా, కొబ్బరి తోటలో అరెకరం కొన్నా దస్తావేజు నాలోంచే పుట్టాలి. పదకొండేళ్లలో నాలోంచి నాలుగు వేల పైచిలుకు దస్తావేజులు బయటికి వెళ్లాయి. ఒక్కటీ వెనక్కి వచ్చి ఎలా ఉన్నావని అడగలేదు.

ఒక్కటి మాత్రం వచ్చింది. అడగడానికి కాదు, నిలదీయడానికి.

ఆ సంగతికి వస్తాను. ముందు నా పుట్టుక.

నేను పుట్టింది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుటి వరసలో, గుడిమెట్ల సూర్యారావు గారి దుకాణంలో. ఆయన దస్తావేజు లేఖరి. గోదావరి జిల్లా మనిషి, నోట్లో మాట, చేతిలో పెన్ను ఎప్పుడూ ఆగవు. కంప్యూటరు జోలికి మాత్రం వెళ్లడు. అది టైపిస్టు పని. టైపిస్టు పేరు అడబాల సత్యవేణి. నన్ను తయారుచేసింది ఆవిడే.

నాకంటే ముందు ఆ వరసలో దస్తావేజు కొట్టడం ఒక ప్రహసనం. మొదటి పేజీ స్టాంపు కాగితం. దాని పై సగం ముద్రలతో, అంకెలతో నిండి ఉంటుంది, రాత దాని కింద మొదలవ్వాలి. అందుకని అందరూ ఎంటర్ మీట ఇరవై మూడు సార్లు నొక్కి కిందికి దిగేవారు. ఇరవై రెండైతే ముద్ర మీద రాత పడేది. ఎవరి ఇంటిపేరైనా కాస్త పొడుగైతే ఒక వరస పెరిగి, పెరిగిన వరస కింది వరసను తోసి, చివరికి సంతకాలు చేసే చోటు జారిపోయి ఖాళీ కాగితం మీద ఒంటరిగా పడేది. అది మహా ప్రమాదం. రాత లేని కాగితం మీద సంతకం ఉంటే ఆ కాగితాన్ని ఎవడు ఏ దస్తావేజుకు కుట్టుకుంటాడో ఎవరు చెప్పగలరు?

సత్యవేణి మూడు ఆదివారాలు కూర్చుని దీనికి మందు కనిపెట్టింది. మొదటి పేజీకి వేరే మార్జిన్ పెట్టింది. పేర్లకు, సర్వే నెంబర్లకు, హద్దులకు గళ్లు కట్టింది. అన్నిటికన్నా ముఖ్యం, చివరి రెండు వరసలను సంతకంతో ముడివేసింది. ఏ పేజీ ఎక్కడ తెగినా ఆ రెండు వరసలూ సంతకం చెయ్యి వదలవు. తర్వాత నాకు తాళం వేసింది. ఎవరు తెరిచినా నా నకలే వస్తుంది. నేను కదలను, మారను. ఆవిడకొక్కదానికే నన్ను మార్చే వీలుంది.

“ఏం చేశావో నాకు తెలీదు గానీ, అర్ధగంట పని ఐదు నిమిషాల్లో అయిపోతోందే!” అన్నాడు సూర్యారావు. ఆవిడకు ఆ పదకొండేళ్లలో దక్కిన మెచ్చుకోలు అదొక్కటే. నాకు అదీ దక్కలేదు.

నకలు తీసుకోవడం, పేర్లు నింపడం, ప్రింటు తీయడం, వెళ్లిపోవడం. నన్ను చదివినవాళ్లు లేరు. నా చివరి రెండు వరసల్లో ఒక మాట ఉంది: ‘పై విషయములన్నియు చదివి వినిపించగా విని, సమ్మతించి సంతకములు చేసినారము’. నాలుగు వేల మంది ఆ మాట కింద సంతకం పెట్టారు. చదివి వినిపించింది ఎంతమందికో నాకు తెలుసు. చెప్పను, వరస మొత్తం పరువు పోతుంది.

ఇక నా రహస్యం.

నమూనా అన్నాక గళ్లలో ఏదో ఒకటి ఉండాలి. వేరేవాళ్లైతే చుక్కలు పెడతారు. సత్యవేణి తన పేరు పెట్టింది. కొనుగోలుదారు: అడబాల సత్యవేణి. ఆస్తి: నూట పన్నెండు గజాల స్థలం, అందులో ఇల్లు. ఆవిడకు ఎక్కడా గజం నేల లేదు. పెళ్లి కాలేదు. అమ్మ పోయాక ఒక్కతే అద్దె గదుల్లో ఉండేది. పదకొండేళ్లలో ఎనిమిది ఇళ్లు మారింది. ఇల్లు మారినప్పుడల్లా మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేకుండా చూసి నన్ను తెరిచి ఒక చిన్న మార్పు చేసేది. రేకుల గదిలో వేసవి గడిపిన ఏడాది ‘పెంకుటిల్లు’ అని రాసింది. పక్కవాటాలో రేడియో హోరు భరించలేక ‘దక్షిణం: గట్టిగా రేడియో పెట్టని వారి ఇల్లు’ అని రాసింది. ఒకావిడ, “కుండీలు తీసేయమ్మా, నీళ్లు దిగి స్లాబు పాడైపోతుంది” అని పూల మొక్కలు కింద పారేయించిన వారం, ‘ఉత్తరం: కనకాంబరాల మడి ఆనుకుని ప్రహరీ గోడ’ అని రాసింది.

నాకు ఆవిడ ఇల్లు తెలుసు. ఇంకెవరికీ తెలియదు. నకలు తీసిన ఐదో నిమిషానికి దాని మీద ఇంకొకరి ఇల్లు పడిపోయేది. రోజుకు ఒకటి రెండు సార్లు తన ఇంటిని తన చేత్తో చెరిపేది. నాలో మాత్రం అది అలాగే ఉండేది. ఇద్దరం దాన్ని కాపలా కాసేవాళ్లం.

ఒక శ్రావణ మాసపు గురువారం కాపలా తప్పింది.

ఆ రోజు మంచి రోజు. వరసలో జనం కిటకిట. కడలి మంగతాయారు అనే ఆవిడ అరవై గజాల్లో ఒకటిన్నర గది కొనుక్కుంటోంది. ప్రసూతి వార్డులో ఆయా. పాతికేళ్లు పరాయి పిల్లలకు నీళ్లు పోసి కూడబెట్టుకున్న గది అది. అమ్ముతున్నది ఓలేటి నరసింగరావు మాస్టారు, రిటైరైన డ్రాయింగ్ టీచరు. పదకొండూ ఇరవైకి వర్జ్యం. అప్పుడు టైము పదకొండూ ఐదు.

సూర్యారావు హద్దులు చదువుతున్నాడు, సత్యవేణి కొడుతోంది. “తూర్పు, యర్రంశెట్టి వారి ఇల్లు. దక్షిణం, వాళ్లదే దొడ్డి. పడమర, మురుగు కాలువ...” ఫోను మోగింది. తీశాడు. మాట్లాడాడు. పెట్టేశాడు. “అయిపోయిందా? ప్రింటు తియ్యి తియ్యి!” అన్నాడు.

ఉత్తరం ఎవరూ చెప్పలేదు. గడి ఖాళీగా ఉంటే కంటికి కనిపించేది. ఖాళీగా లేదు మరి. అందులో కనకాంబరాలున్నాయి.

నేను అరవాలనుకున్నాను. నోరు లేదు. ప్రింటరు మూడు కాగితాలు ఉమ్మేసింది. చదివి వినిపించే తీరిక ఎవరికీ లేదు. పదకొండూ పదిహేడుకి సంతకాలు పడ్డాయి. వర్జ్యం తప్పింది కదా అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

మూడు నెలలకు ఆ దస్తావేజు తిరిగి వచ్చింది. మంగతాయారు దాన్ని గుండెకు అదుముకుని దుకాణంలోకి దూసుకొచ్చింది. వెనకాలే మాస్టారు, ఆయన వెనకాల ఇనకోటి భాస్కర్రావు. ఈయన మంగతాయారు గదికి ఉత్తరపు పక్కన ఉండే ఇనప సామాన్ల వ్యాపారి.

“ఏవండీ సూర్యారావు గారూ! ఉత్తరాన గోడుందని ఎవరు చెప్పారండి మీకు?”

“మెల్లగా మాట్లాడమ్మా. ఏమైంది?”

“నా గుమ్మం అటే ఉందండి. వీధిలోకి వెళ్లడానికి ఉన్న ఒక్క దారీ అదేనండి. మిగతా మూడు పక్కలా ఇళ్లూ, మురుక్కాలవాను. ఈయన గారేమో ఆ దారి మాస్టారి దగ్గర కొనేసి మూసేస్తారంట. ఇటుకలు కూడా దింపేశారు. అదేంటండీ అంటే, నీ కాగితంలో దారి లేదు, గోడుంది అంటున్నారు. గోడలోంచి ఎలా రానండి నేను? దెయ్యాన్నా?”

భాస్కర్రావు నవ్వాడు. “నామీద కోపం దేనికండి? కాగితం నేను రాశానా? ఆవిడ కాగితమే చెబుతోంది, దారి ఆవిడది కాదని.”

మాస్టారు కుర్చీలో కూర్చుని కళ్లజోడు తుడుచుకున్నాడు. “ఆరడుగుల దారి వదిలినట్టే నాకు జ్ఞాపకం. కానీ నా జ్ఞాపకాన్ని నేనే నమ్మను తల్లీ. మొన్న మా చెల్లెలి పేరు గుర్తురాలేదు. కాగితం మర్చిపోదు కదా? సంతకం నాదే. గోడ అన్నానంటే గోడే అయ్యుంటుంది.”

సూర్యారావు దస్తావేజు తిప్పి చూశాడు. ముఖంలో రంగు మారింది. మారినంత వేగంగా మళ్లీ సర్దుకుంది. తప్పు బయటపడితే లైసెన్సు పోయే మనిషి. “పార్టీలు ఏం చెబితే అదే రాస్తామమ్మా. గోడలు మేమెందుకు పుట్టిస్తాం?”

మంగతాయారు బల్ల మీది దస్తావేజు తీసి మళ్లీ గుండెకు అదుముకుంది.

సత్యవేణి మీటల మీంచి చేతులు తీసింది. “ఆ గోడ నాదండి.”

“నువ్వు ప్రింటరు చూసుకో సత్యవేణీ,” అన్నాడు సూర్యారావు.

“మీదేంటండీ?” అన్నాడు భాస్కర్రావు. “మీకక్కడ స్థలముందా?”

“ఎక్కడా లేదండి.”

ఆవిడ నన్ను తెరిచింది. తెర అందరివైపూ తిప్పింది. మాస్టారికి కళ్లు ఆనవని, గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది. నన్ను ఒకరు పైకి చదవడం అదే మొదటిసారి. కొనుగోలుదారు, అడబాల సత్యవేణి. పెంకుటిల్లు. రెండు కిటికీలు. తూర్పు, ఇరవై అడుగుల రోడ్డు. దక్షిణం, గట్టిగా రేడియో పెట్టని వారి ఇల్లు.

భాస్కర్రావు ఫక్కుమన్నాడు. పక్క దుకాణాలవాళ్లు గుమ్మంలోకి వచ్చి తలలు పెట్టారు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆపలేదు. “పడమర, నీళ్లు పారే కాలువ. ఉత్తరం, కనకాంబరాల మడి ఆనుకుని ప్రహరీ గోడ.” తెర మీద ఆ వరసకు వేలు ఆనించి అంది: “ఇది నాలుగేళ్ల కిందట నేను రాసుకున్నదండి. ఆ రోజు కంగారులో చెరపడం మర్చిపోయాను. దస్తావేజులో కూడా అక్షరం మారకుండా ఇదే ఉంది, చూడండి. ఈవిడ స్థలంలో కనకాంబరాలు ఎప్పుడైనా ఉన్నాయా మాస్టారూ?”

మాస్టారు చాలాసేపు తెర వంకే చూశాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు పిల్లల బొమ్మలు దిద్దేముందు ఇలాగే చూసేవాడేమో.

“నలభై ఏళ్లు పిల్లల చేత ఇళ్ల బొమ్మలు వేయించానమ్మా. తలుపు వేస్తారు, చెట్టు వేస్తారు, సూర్యుణ్ణి వేస్తారు. పొరుగువాణ్ణి వేసినవాడు ఒక్కడూ లేడు. నువ్వు వేశావు.” తర్వాత భాస్కర్రావు వైపు తిరిగాడు. “ఇటుకలు తీయించెయ్యవయ్యా. దారి వదిలాను. నా జ్ఞాపకం సరిగ్గానే ఉంది.”

“అలాగంటే ఎలాగండి మాస్టారూ, మనం మాట అనుకున్నాం...”

“నువ్వు అనుకున్నావు. నేను విన్నాను.”

సవరణ దస్తావేజు అప్పటికప్పుడే తయారైంది. ఉత్తరం: ఆరడుగుల వెడల్పు గల నడక దారి. సత్యవేణి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి వినిపించింది. మంగతాయారు ప్రతి వరసకూ “ఆయ్” అంటూ వింది. సాక్షి కావాల్సి వస్తే సత్యవేణే సంతకం పెట్టింది. పేరు రాసి, చిరునామా దగ్గర ఆగింది. అప్పుడున్న అద్దె ఇంటి నెంబరు గుర్తుతెచ్చుకోవడానికి కాస్త టైము పట్టింది.

సూర్యారావు ఆవిణ్ణి ఏమీ అనలేదు. అది నిజం, రాయాలి. అన్నది వరస. మర్నాటి నుంచి టీ కొట్టువాడితో సహా అందరికీ ఆవిడ పేరు మారింది. “కనకాంబరం గారూ, గృహప్రవేశం ఎప్పుడండి?” “కనకాంబరం గారూ, మా రేడియో సౌండు తగ్గించాం, చాలా అండి?” చెడ్డవాళ్లేం కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పక్కవాళ్ల హద్దులు రాసి రాసి, మనిషికి కూడా ఒక హద్దు ఉంటుందని మర్చిపోయినవాళ్లు. ఆవిడ నవ్వేది. రెండు వారాలు నవ్వింది.

మూడో వారం శుక్రవారం మధ్యాహ్నం, దుకాణంలో ఎవరూ లేనప్పుడు నా తాళం తీసింది. ఇల్లు మారిందేమో, కొత్త గది కోసమేమో, కొత్త కిటికీ వేస్తుందేమో అనుకున్నాను. మొదట పేరు చెరిపింది. తర్వాత పెంకుటిల్లు. తర్వాత కిటికీలు ఒక్కొక్కటే. రోడ్డు, రేడియో, కాలువ. చివరికి కనకాంబరాలు. వాటి దగ్గర కాసేపు వేలు మీట మీదే ఉంచింది. తర్వాత అన్ని గళ్లలోనూ చుక్కలు పెట్టి, సేవ్ చేసి, మళ్లీ తాళం వేసింది. కుర్చీ మీది దిండు, స్టీలు మంచినీళ్ల సీసా సంచిలో పెట్టుకుంది. నన్ను మూసింది. మళ్లీ తెరవలేదు.

కొత్త టైపిస్టు వచ్చింది. నా నకళ్లు వరసలో అన్ని దుకాణాలకూ పాకాయి. ఎవరూ ఇప్పుడు ఇరవై మూడు సార్లు ఎంటర్ నొక్కడం లేదు. ఎవరివల్లనో కూడా ఎవరికీ గుర్తులేదు.

మాఘ మాసంలో ఒక ఉదయం మంగతాయారు వచ్చింది. చేతిలో తడి అరిటాకు పొట్లం.

“మేడమ్ గారు లేరాండి? ఆ దారి పక్కన జానెడు జాగాలో కనకాంబరాలు వేశానండి. మొదటి కోత ఆవిడకే ఇద్దామని.”

“మానేసి మూణ్ణెల్లయిందమ్మా,” అన్నాడు సూర్యారావు.

“ఇల్లెక్కడో చెప్పండి, నేనే పట్టుకెళ్తాను.”

సూర్యారావు నోరు తెరిచి ఊరుకున్నాడు. ఎప్పుడూ మాట ఆగని మనిషి. ఫోను కలిపాడు. ఆ నెంబరు వాడుకలో లేదంది. సవరణ దస్తావేజులో సాక్షి చిరునామా చూశాడు. ఆ ఇంటి యజమానిని అడిగాడు. పని మానేసిన వారమే ఖాళీ చేసిందన్నారు. “పదకొండేళ్లు ఇక్కడే కూర్చుంది,” అని గొణుక్కున్నాడు. “ఎక్కడుంటున్నావని ఒక్కసారీ అడగలేదు నేను.” ఉన్నట్టుండి ఏదో తట్టినట్టు కొత్త టైపిస్టుతో, “ఏమ్మా, ఆ మూలం తెరువు. అందులో ఉండాలి ఆవిడ ఇల్లు. చూడు,” అన్నాడు.

ఆ అమ్మాయి నన్ను తెరిచింది. ముగ్గురూ వంగి చూశారు.

తూర్పు చుక్కలు. దక్షిణం చుక్కలు. పడమర చుక్కలు. ఉత్తరం పన్నెండు చుక్కలు.

మంగతాయారు పొట్లం నా పక్కనే బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. డ్యూటీకి టైమైంది. మధ్యాహ్నానికి పూలు వాడాయి. వాటి మీద నుంచే ఆ రోజు ఐదు దస్తావేజులు బయటికి వెళ్లాయి, కొత్త ఇళ్లతో, కొత్త పేర్లతో. ప్రతి దాని చివరా ఆవిడ ముడివేసిన రెండు వరసలూ ఉన్నాయి. పై విషయములన్నియు చదివి వినిపించగా విని... అని మొదలయ్యేవే. నేను వాటిని వదల్లేదు. ఈ రోజు వరకు ఒక్క సంతకాన్నీ ఒంటరిగా పడనివ్వలేదు.