అటక మీద రెక్కలు

పొద్దు వాలేదాకా అరుణజ్యోతికి ఏ బాధా లేదు. తెల్లారి లేచి వాకిలి ఊడ్చేది, సంగటి కెలికేది, మొగుడు ధనుంజయ గుంట మగ్గంలోకి దిగేలోపల కండెలు చుట్టి గంపనిండా పోసేది. దారం మోసే నాడె ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఉరుకుతుంటే ఆ టకటకలో ఇంకో చప్పుడు చెవిన పడేది కాదు. సాయంత్రం ధనుంజయ మగ్గం దిగి కాళ్ళు కడుక్కునే వేళకు పైన అటక మీద మొదలయ్యేది. ముందు సన్నగా కిచకిచ. తర్వాత చెక్కను గోళ్ళతో గీకినట్టు. ఆ తర్వాత నెత్తి మీదుగా ఏదో విసురుగా పోయేది, దాని గాలి పాపిటకు తగిలేది. అంతే, జ్యోతి గొంతు గరగరలాడేది. నోట్లోంచి తెల్లటి దీపం పురుగులు రెండో మూడో లేచి బల్బు చుట్టూ తిరిగేవి.

ఆ ఊళ్ళో దాన్నెవరూ విడ్డూరంగా చూడలేదు. భయమేస్తే కొందరికి అరచేతులు చెమరుస్తాయి, కొందరికి కడుపులో తిప్పుతుంది, కొందరికి నోట్లోంచి పురుగులు లేస్తాయి. చేత్తో తోలేసుకుని పని చూసుకుంటారు. ఈ పిల్లకు కాస్త ఎక్కువ, అంతే తేడా. పెళ్ళిచూపుల్లో ఆమె పురుగొకటి వచ్చి కాఫీ గ్లాసు అంచున వాలితే ధనుంజయ ఉఫ్‌మని ఊదేసి కాఫీ తాగేశాడు. జ్యోతి ఆ క్షణమే మనసులో సరే అనుకుంది.

కానీ పురుగులు లేచే చోటికి గబ్బిలాలు రాకుండా ఉంటాయా? మాఘంలో పెళ్ళై ఆమె ఈ ఇంట్లో కాలు పెట్టినప్పుడు ఒకటో రెండో ఉండేవేమో, ఉగాది దాటేసరికి గుంపయ్యాయి. వాటిని చూస్తే ఆమెకు భయం. భయపడితే పురుగులు. పురుగులు లేస్తే మరిన్ని గబ్బిలాలు. ఇంక చూసుకోండి ఆ పిల్ల పాట్లు!

రాజంపేట రోడ్డు పక్కన నేతగాళ్ళ ఊరది. ఇల్లు పాతది, పైన నాపబండలు, బండల కింద చెక్కల అటక. ముందింట్లో మగ్గం, వెనకింట్లో అత్త లక్ష్మీదేవమ్మ పడక. లక్ష్మీదేవమ్మ ఎప్పుడూ నోటికి కొంగు అడ్డం పెట్టుకునే ఉండేది. తిట్టాలంటేనే తీసేది. అందుకని ఆవిడ కొంగు మీదికి చెయ్యి పోతే చాలు, జ్యోతి గుండె జారిపోయేది.

ఉగాది దాటిన కొన్నాళ్ళకు ఒకరోజు అట్లాగే తీసింది. "ఆషాఢం వస్తాండాది. ఎట్లైనా నువ్వు మీ అన్న ఇంటికి పోవాల్సిందే గదా, పో. నువ్వొచ్చినాకనే ఈ గబ్బిలాయిలు ఇట్ల మూగింది. ఇవి పోయినాకనే నిన్ను పిలుచుకుంటా. పోకపోతే పిలవను, ఆడనే ఉండు."

ఆషాఢంలో అత్తా కొత్తకోడలూ ఒకే గడప దాటకూడదు కాబట్టి కోడలు పుట్టింటికి పోతుంది. శ్రావణం రాగానే అత్తింటివాళ్ళే పోయి పిలుచుకురావాలి. పిలవకపోతే? జ్యోతి పుట్టిన నందికొట్కూరులో పక్కింటి తనూజ అట్లాగే పుట్టింటికి వచ్చింది. పిలుపు రానేలేదు. ఇప్పటికీ వాళ్ళమ్మ వాకిట్లో కూర్చుని వచ్చేపోయే బస్సులు చూస్తుంటుంది. తనూజకు కనీసం అమ్మ ఉంది. జ్యోతికి అమ్మానాయనా లేరు, అన్నావదినలే. పెళ్ళైన సాయంత్రమే వదిన ఆమె మంచాన్ని ఎవరికో ఇచ్చేసింది. అత్త మాట వినగానే జ్యోతి నోట్లోంచి ఎన్ని లేచాయంటే బల్బు కనపడలేదు.

మిరపకాయల పొగ పెట్టి తరిమేద్దామంది లక్ష్మీదేవమ్మ. ధనుంజయ చొక్కా వేసుకుని రాజంపేట పోయి, కాలేజీలో జంతువుల పాఠాలు చెప్పే ప్రమీలారాణిని పిలుచుకొచ్చాడు. ఎవరింట్లో గబ్బిలాలు చేరినా సెలవురోజు స్కూటరేసుకుని వచ్చేస్తుందావిడ. నోరు ఊరుకోదు. గబ్బిలాలంటే భయం లేదు కానీ గోడమీద బల్లిని చూసి మాత్రం రెండడుగులు వెనక్కి వేసింది.

ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతికి తొడుగు వేసుకుని, అటక కింద రాలిన నల్లటి గింజల్లాంటి పెంటను కాగితమ్మీదికి ఎత్తి వేళ్ళతో నలిపింది. పొడిపొడి అయింది. "ఎలుకదైతే గట్టిగా ఉంటాది, ఇట్ల నలగదు. దీంట్లో మెరిసేది చూడండి, పురుగుల తునకలు. పండ్లు తినే పెద్ద గబ్బిలాలు కావివి, పురుగులు తినే చిన్నవి. మనకేం చెయ్యవు." మసక చీకట్లో అందరినీ వాకిట్లో నిలబెట్టి పైకి చూడమంది. బండకూ గోడకూ నడుమ రెండు వేళ్ళ సందులోంచి ఒక్కొక్కటే జారి, ఆకాశంలోకి ఎగిరిపోయాయి.

"ఆ సందు ఇప్పుడే మూసేస్తే సరిపోతాది గదా మేడం?" అన్నాడు ధనుంజయ.

"లోపల పిల్లలుండాయప్పా. ఎగరలేని పిల్లలు. ఇప్పుడు మూస్తే అవి ఎండి చస్తాయి, తల్లులు వాటికోసం ఇల్లంతా పీకి పందిరేస్తాయి. పొగా వద్దు. పిల్లలకు రెక్కలు రానీండి, ఆషాఢం మొదలయ్యేలోపల వచ్చేస్తాయిలే. అప్పుడొచ్చి సందుకు వల కడతా. పైన బిగించి కింద వదులుగా వదిలితే, జారి బయటికి పోతాయి కానీ తిరిగి లోపలికి దోవ తెలీదు." పోతూపోతూ జ్యోతికి చెప్పింది: "పిల్ల ఏదన్నా కింద పడితే వట్టిచేత్తో ముట్టుకోవద్దు తల్లీ. మందపాటి గుడ్డతో పట్టి, గోడకు ఎత్తులో గుడ్డ వేలాడగట్టి దానికి అంటించు. తల్లే వచ్చి తీసుకుపోతాది. పొరపాటున కరిస్తే మాత్రం ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి పోయి, పిచ్చికుక్క కరిస్తే వేసే సూది వేయించుకో."

అట్లా చెప్పడం సులువు. ఉండాల్సింది జ్యోతి. ఎండాకాలమంతా ఆ అటక కింద, ఆ కిచకిచల కింద, తల మీద తువ్వాలు కప్పుకుని అన్నం వండింది. మూస్తే అవి చస్తాయి, మూయకపోతే తన కాపురం పోతుంది. అన్నం సయించేది కాదు.

ఒకరోజు దీపాలు పెట్టే వేళ ధనుంజయ నూలు తేవడానికి పోయాడు. జ్యోతి మగ్గం దగ్గర కండెలు ఏరుతోంది. పడుగు దారాల మీద టప్‌మని ఏదో పడింది. వంగి చూస్తే గబ్బిలం పిల్ల. బొటనవేలంత ఉంది, ఒంటి మీద వెంట్రుక సరిగా లేదు, నోరు తెరిచి అరుస్తోంది. జ్యోతి వెనక్కి జరిగి, "అత్తా!" అని కేకేసింది.

లక్ష్మీదేవమ్మ వెనకింటి గడప దగ్గరకు వచ్చింది. కొంగును రెండు చేతులతో నోటికి అదిమి పట్టుకుని అక్కడే నిలబడింది. ఒక్క అడుగు ముందుకు వెయ్యలేదు. నేను చస్తే చూద్దామని నిలబడింది ఈవిడ, అనుకుంది జ్యోతి, కోపంతో కళ్ళనీళ్ళు వచ్చాయి.

ఆ కోపంతోనే దుప్పటి మడిచి పిల్లను పట్టింది. గుడ్డలోంచి దాని గుండె కొట్టుకోవడం వేళ్ళకు తెలిసింది. అప్పుడిక నోరు ఆగలేదు. పురుగులు గుప్పుగుప్పున లేచాయి. పైనుంచి గబ్బిలాలు దిగాయి. పెదాల ముందునుంచే పురుగుల్ని అందుకుంటూ, చెంపను రెక్కతో రాస్తూ, చెవి పక్కనుంచి తిరుగుతూ. కళ్ళు గట్టిగా మూసుకుని, దేవుడి పేరు కూడా గుర్తుకు రాక, "పోతా, పోతా, పెట్టేసి పోతా" అని వాటికే చెప్పుకుంటూ, తడుముకుంటూ పోయి చిలక్కొయ్యకు దుప్పటి తగిలించింది. పిల్ల గుడ్డను పట్టుకుని పాకింది. కాసేపటికి ఒక గబ్బిలం వచ్చి దాని పక్కన వాలింది, పిల్లను పొట్టకు కరిపించుకుని లేచిపోయింది. జ్యోతి నేలమీద కూలబడి వెనక్కి చూస్తే, వెనకింటి తలుపు మూసి ఉంది.

ఆషాఢం ఇంకో మూడు దినాలుందనగా ప్రమీలారాణి వల తీసుకుని వచ్చింది. పిల్లలన్నీ ఎగురుతున్నాయో లేదో చూస్తానని నిచ్చెనేసుకుని అటక ఎక్కింది. చాలాసేపు దిగలేదు. దిగాక చేతిలో కాగితం, కాగితం మీద రెక్కలు.

"ఇవి పురుగును తిని రెక్కలు రాల్చేస్తాయి. పైన అంతా పేరుకోని ఉండాయి. ఈ తెల్లవి నీవే గదమ్మా జ్యోతీ? ఇవి పైపైన ఉండాయి. వీటి కింద అంతా ఇటుకరంగువి. వెనకింటి మీదైతే మోకాటిలోతు. అడుగునుండేవి అప్పుడే మట్టైపోయినాయి. ఈ జ్యోతి పలక పట్టుకోని బడికి పోయే కాలంలో రాలినవి అవి." ఆమె మామూలుగానే అడిగింది: "ఈ ఇంట్లో ఎర్ర పురుగులు ఎవరివి?"

"మా నాయనవేమో," అన్నాడు ధనుంజయ.

"మీ నాయన పోయి శానా ఏండ్లాయె గదప్పా. మరి నిరుడు రాలినవి ఎవరివి?"

లక్ష్మీదేవమ్మ కొంగు సర్దుకుని లోపలికి పోయింది. ధనుంజయ కాగితం వైపు, మూసుకున్న తలుపు వైపు చూసి, వల కట్టడానికి నిచ్చెన పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం గబ్బిలాలు వల లోపలినుంచి పాకి, కింద జారి, ఒక్కొక్కటే బయటపడ్డాయి. పిల్లలు తల్లుల వెంటే. కొన్ని తిరిగొచ్చి వల మీద వాలి చూశాయి, దోవ దొరక్క చెయ్యేరు వంతెన వైపు పోయాయి. నాలుగైదు దినాలు చూసి సందు సున్నంతో మెత్తేయమని చెప్పి ప్రమీలారాణి స్కూటరెక్కింది.

గబ్బిలాలు పోయాయి. అయినా జ్యోతి లోపలికి వచ్చి బట్టలు సర్దుకుంటూ ఉంది. పిలుస్తానన్న మాట తను పోయినాక నిలుస్తుందా? తనూజవాళ్ళ అత్త కూడా పిలుస్తాననే అనింది. తెల్ల పురుగులు బల్బు చుట్టూ, పడుగు మీద, చీరల మీద వాలుతున్నాయి. తినేవాళ్ళు లేక అట్లాగే ఉండిపోతున్నాయి. వాటిని విదిలిస్తుంటే, వాటిలో ఒకటి ఎర్రగా కనిపించింది. తర్వాత ఇంకోటి.

తలెత్తి చూసింది. వెనకింటి గడపలో లక్ష్మీదేవమ్మ. ఆవిడ కొంగు నోటికి అడ్డం లేదు. మాట్లాడబోతుంటే మాటకంటే ముందు పురుగులు వస్తున్నాయి, ఇటుకరంగువి, గుంపులు గుంపులుగా.

"ఇన్ని దినాలు తలుపేసుకోని పైకి వదిలేస్తాంటి," అంది ఆవిడ. "అవి తినేస్తాండె. ఎవరికీ తెలీకుండె. ఇప్పుడు యాడికి పోతాయి ఇవి?"

"అత్తా…"

"నన్ను చెప్పనీ. మీ మామ ఒకనాడు పొద్దున చీరల మూట ఎత్తుకోని కడపకు పోయినాడు, బస్సు బోల్తాపడి పోయె. ఆ పొద్దునుంచి నేను బస్సెక్కల్యా. మీ పెండ్లికి రాల్యా, కడుపునొప్పి అని చెప్పి ఇంట్లోనే కూచుంటి. వాడు నూలుకు పోయినా, నువ్వు నీళ్ళకు పోయినా, తిరిగొచ్చేదాకా నా గొంతులో ఇవి గిలగిల కొట్టుకుంటాయి. కోపంగా అరిస్తే ఇవి రావు, మెత్తగా నోరు తెరిస్తే బయటపడతానని తిడతాంటి. గబ్బిలాయి తిరిగే ఇంట్లో కొత్తకోడలు బతకదంటారు. నువ్వు చస్తావని భయమేసి పొమ్మంటి. పొమ్మన్నాక, పోతే ఇంక రాదేమో, ఎవరైనా వస్తారా ఇట్లాంటి అత్త దగ్గరికి అని అదొక భయం." ఆవిడ ఏడ్చింది. "ఆ పొద్దు ఆ పిల్ల పడినప్పుడు… నాకు కాళ్ళు రాల్యా జ్యోతీ. నీకెట్ల వచ్చెనో."

జ్యోతి లేచి పోయి, చేతిలో ఉన్న చీరతోనే అత్త మొహం తుడిచింది. తుడిచేకొద్దీ ఎర్రవి లేచాయి, తెల్లవీ లేచాయి. ధనుంజయ లోపలికి వచ్చి, అమ్మనూ పెళ్ళాన్నీ ఆ పురుగుల మధ్య చూసి, కిటికీలు తెరిచాడు.

తెల్లారేసరికి పెట్టె తయారైంది. అది జ్యోతిది కాదు, లక్ష్మీదేవమ్మది.

"అత్తా కోడలు ఒకే గడప దాటకూడదన్నారు," అంది ఆవిడ తల దువ్వుకుంటూ. "కోడలే పోవాలని యాడ రాసుండాది? వేంపల్లెలో మా చెల్లెలు ఎన్నేండ్ల నుంచి రమ్మంటాండాది. నేను పోతా. మగ్గం ఈడ, వాడు ఈడ, కండెలు చుట్టేదానివి నువ్వు ఈడ. నువ్వు పోతే పని ఎవరు చేస్తారు?"

"అమా, బస్సు…" అన్నాడు ధనుంజయ.

"తెలుసులేరా."

రోడ్డు మీద కడప బస్సు ఆగింది. లక్ష్మీదేవమ్మ మొదటి మెట్టు మీద కాలుపెట్టి కడ్డీని పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. ఎర్ర పురుగులు ఎగసి బస్సు నిండా పరుచుకున్నాయి. కండక్టర్ వాటిని టికెట్ల మిషన్‌తో తోలుతూ, "ఎక్కు పెద్దమ్మా, కిటికీ పక్కన కూచుందువులే, గాలికి పోతాయి," అన్నాడు. ఎక్కింది. కూర్చుంది. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి జ్యోతి మణికట్టును గట్టిగా పట్టుకుంది.

"శ్రావణం రాంగానే నన్ను పిలుచుకోను వస్తావు గదా?"

"వస్తా అత్తా."

"మర్చిపోవు గదా?"

"మర్చిపోను. నేనే వస్తా."

బస్సు కదిలింది. వేపచెట్ల మలుపు దాటి కనపడకుండా పోయేదాకా జ్యోతి రోడ్డు మధ్యలోనే నిలబడింది. ధనుంజయ పక్కకు లాగితే అప్పుడు తిరిగింది. నోరు తెరవగానే తెల్ల పురుగులు లేచాయి. వాటిని తోలుకోలేదు.

"ఆయమ్మకు ఫోన్ ఇచ్చినావా? వేంపల్లె చేరతానే చెయ్యమని చెప్పినావా లేదా?"