చెన్నరాయప్ప రాగిచేను

నిరుడు ఏనుగులు నా రాగిచేను తొక్కుతుంటే, నా చేతిలోని టపాకాయలు లాక్కున్నవాడు చెన్నరాయప్ప. డెంకణికోట పక్కనున్న మా ఊళ్ళో ఏనుగుల కాపలా గుంపుకు అతనే పెద్ద. "బెదరగొడితే రోడ్డు మీదికి పడతాయి మారక్కా. ఫారెస్టోళ్ళు వచ్చేదాకా ఓర్చుకో" అన్నాడు. ఓర్చుకున్నాను. ఎకరా పంట మట్టిలో కలిసింది. ఆ తర్వాత ఏడాది పొడుగునా అతణ్ణి తిట్టని పొద్దు లేదు. "తనదాకా వస్తే గదా తెలిసేది!" అని ఎదురైన ప్రతివాళ్ళతోనూ అన్నాను.

దేవుడు నా మాట విన్నాడో ఏమో, మొన్న తెల్లవారేసరికి ఆరు ఏనుగులు అతని చేనులోనే ఉన్నాయి. రెండు రోజుల్లో కోయాల్సిన రాగి.

ఇంట్లో దాచిన టపాకాయలు తీసుకొని పరుగెత్తాను. అబద్ధమెందుకు, సాయం చేయడానికి కాదు. పెద్దమనిషి నీతి ఎంతసేపు నిలుస్తుందో చూద్దామని.

చేని కింద రోడ్డు మీద, హోసూరు కంపెనీ బస్సు కోసం పదిమంది ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. చెన్నరాయప్ప వాళ్ళను వెనక్కి పంపుతూ ఫోన్లో ఫారెస్టువాళ్ళను పిలుస్తున్నాడు. భార్య కెంచమ్మ గుండెలు బాదుకుంటోంది.

"ఇదిగోప్పా, ముట్టిస్తావా?" అని టపాకాయలు చాపాను.

"ఇయ్యక్కా! నోటికాడి కూడు పోతా ఉంది!" అని కెంచమ్మ లాక్కోబోయింది.

అతను చెయ్యి అడ్డం పెట్టాడు. చేను వైపు చూశాడు.

"ఆడ పిల్లోళ్ళు ఉండారు కెంచమ్మా. నిరుడు మారక్క రాగులకు ముట్టించని టపాకాయ, ఈ పొద్దు నా రాగులకు ఎట్ల ముట్టిచ్చేది?"

ఓయమ్మ, ఏం మనిషి! నా తిట్లన్నీ తిరిగొచ్చి నా మొహానే కొట్టినట్టయింది.

పిల్లలు బస్సెక్కి వెళ్ళిపోయారు. ఎనిమిదింటికి ఫారెస్టువాళ్ళు వచ్చి ఏనుగులను మెల్లగా అడవివైపు మళ్ళించారు. చేనులో సగం కూడా మిగల్లేదు. చెన్నరాయప్ప గట్టు మీద కూర్చొని, అప్పుడు ఏడ్చాడు.

నేను ఇంటికి పోయి కొడవలి తెచ్చుకొని చేనులోకి దిగాను.

"నీకెందుకమ్మా ఈ కష్టం?" అన్నాడు.

"ఊరకుండప్పా! నిరుడు నా చేనులో మిగిలిన కంకులు ఎవరు కోసిచ్చినారో మర్చిపోయినావా?"

అవును, అతనే. రెండు రోజులు వంచిన నడుము ఎత్తకుండా కోసిచ్చాడు. ఏడాది పొడుగునా ఊరంతా తిరిగి అతణ్ణి తిట్టానే గానీ, ఆ ఒక్క ముక్క మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు.