నవీన చెప్పిన ఏనుగు

అమీర్‌పేటలో అబద్ధాలు పొద్దున్నే మొదలవుతాయి. జిరాక్స్ మిషన్లు వేడెక్కకముందే, ఇడ్లీబండి దగ్గర చట్నీ అయిపోకముందే, వంశీధర్ సారు కోచింగ్ గదిలో పిల్లలు ఒక్కొక్కరే లేచి ఎన్నడూ చేయని ఉద్యోగాల గురించి తడుముకోకుండా చెప్పాలి. జావా ఎవడైనా నేర్పుతాడు, అనుభవం నేర్పేది తానొక్కడేనని సారు గొప్ప. రెజ్యూమేలో మూడేళ్లు పనిచేసినవాళ్లకు ఒక విహారయాత్రయినా ఉండొద్దా అని అదీ ఆయనే కల్పించిపెట్టాడు. ఆఫీసంతా కలిసి రెండురోజులు కర్ణాటకలోని బందీపూర్, నాగర్‌హోళె అడవులు, జీపులో సఫారీ, రోడ్డు దాటిన ఆడ ఏనుగు.

కామారెడ్డి దిక్కు పల్లె నుంచి వచ్చిన నవీన ఆ ఏనుగు సంగతి మొదటిసారి తప్పులేకుండా చెప్పిన రోజు సాయంత్రమే, అది వచ్చి హాస్టల్ మెట్ల దగ్గర నిలబడింది. ఏడాదిన్నరగా అక్కడే ఉంది. అమ్మాయిలు దాని వీపు మీద తడి చున్నీలు ఆరేసుకుంటారు. వార్డెన్ కుసుమకుమారి గారికి ఒకటే ఫిర్యాదు.

"నవీనా, నీ ఏనుగుని మోటరుకి అడ్డం లేకుండా నిలబెట్టుకో తల్లీ. పైకి నీళ్లు ఎక్కట్లేదు."

చిక్కల్లా తిండితోనే. చెరకు పెడితే చూడదు, అరటిగెల పెడితే ముట్టదు. ఇంటర్వ్యూ తప్పి నవీన వెనక్కి తెచ్చుకున్న రెజ్యూమే కాగితాలు మాత్రం నములుతుంది. కాగితం తిని ఏ ప్రాణి బతుకుతుంది? అమీర్‌పేటలో సగంమంది బతుకుతున్నారు, అది వేరే సంగతి. ఏనుగు మాత్రం ఎండిపోయింది. పక్కటెముకలు రేకుల షెడ్డులా తేలాయి.

పోయిన వారం తల్లి మంగవ్వ ఫోన్లో దగ్గుకుంటూనే చెప్పింది. "ఇగ చాలు బిడ్డా. గీ పంజాగుట్ట ఇంటర్వ్యూ సుత పోతే ఇంటికి రా. నీ చాట తుడిచి పెట్టిన."

బీడీలు చుట్టే చాట అది. పదో తరగతి దాకా నవీన దాన్ని ఒళ్లో పెట్టుకునే చదివింది. పొగాకు వాసన గోళ్లలోంచి ఇంకా పోలేదు. మళ్లీ ఆ చాట ముందు కూర్చుంటే ఇక లేచేది లేదని ఆమెకు తెలుసు. తల్లి లేచిందా?

పంజాగుట్టలో, నాలుగో అంతస్తులో ఇంటర్వ్యూ. ఏనుగు కింద గోడకు ఆనుకుని నిలబడింది. అరుణాదేవి అనే మేనేజరు ప్రాజెక్టు గురించి అడిగింది, నవీన చెప్పింది. టీముతో ఎక్కడికైనా వెళ్లారా అంది. నవీన బందీపూర్ మొదలుపెట్టి ఏనుగు దాకా వచ్చింది. అరుణాదేవి పెన్ను కింద పెట్టేసింది.

"పొద్దుట్నుంచి ఈ ఏనుగు రోడ్డు దాటడం ఇది మూడోసారమ్మా. అవతలికి ఇంకా చేరలేదా?"

నవీన ఒళ్లోని సంచి సర్దుకుంది.

"నిజం చెప్పు. వెళ్లావా?"

కిటికీలోంచి చూస్తే కింద ఏనుగు కాళ్లు వణుకుతున్నాయి.

"పోలేదు మేడం. నాకు ఏడ సుత ఎక్స్‌పీరియన్స్ లేదు."

అరుణాదేవి కోప్పడలేదు. రెజ్యూమే మడత పడకుండా వెనక్కిచ్చింది. తిట్టినా బాగుండేది.

నవీన కిందికొచ్చేసరికి ఏనుగు బైకుల మధ్య మోకాళ్ల మీద కూలి ఉంది. ఆ పక్కనే ఒక బస్సులోకి టోపీలు పెట్టుకున్న ఉద్యోగులు నవ్వుకుంటూ ఎక్కుతున్నారు. డ్రైవర్ హనుమాండ్లు ఆమెను చూసి, ఎందుకు ఏడుస్తున్నవ్ చెల్లె అన్నాడు. బస్సు ఎటు పోతుందని అడిగింది. బందీపూర్, వీళ్లకు ఏనుగులు చూపియ్యాలె అన్నాడు.

"అన్నా, నన్ను సుత తీస్కపో. దీన్ని దాని జాగల ఇడిచొస్త. నా బతుకు ఎట్లగూ తెల్లారింది, ఇదన్న బతకాలె."

హనుమాండ్లు ఏనుగును ఎగాదిగా చూశాడు. "క్లీనర్ సీట్ల కూసో. అది ఎనకొస్తదా?"

వచ్చింది. పడుతూ లేస్తూ ఊళ్లు దాటింది. టోల్‌గేటువాళ్లు బస్సుకు చీటీ రాసి దాన్ని ఊరికే వదిలేశారు.

మర్నాడు సాయంత్రం సఫారీ జీపులో నీళ్ల సీసాలు అందించే పనిమీద నవీన కూడా ఎక్కింది. వెదురుపొదల దగ్గర మంద కనిపించింది. జీపు వెనకే వచ్చిన ఏనుగు ముందుకు నడిచింది. జిరాక్స్ సిరా వాసన కొడుతున్న దాన్ని మంద తొండాలతో తడిమి చూసి చోటిచ్చింది. కాళ్ల ముందంతా లేతగడ్డి. అది ముట్టలేదు. మళ్లీ మోకాళ్లు వంగాయి. జీపులోవాళ్లు ఫొటోలు తీసుకున్నారు.

నవీన దూకేసింది. జీపు డ్రైవర్ అరుస్తున్నా వినలేదు. సంచిలోని ఆఖరి రెజ్యూమేను బీడీ చుట్టే తునికాకంత ముక్కలుగా చింపింది. గుప్పెడు గడ్డి పెరికి, ముక్కలో పెట్టి, బొటనవేలితో చుట్టి, కొస లోపలికి మడిచింది. చాట ముందు తల్లి నేర్పిన చుట్టే. నోట్లో పెడితే ఏనుగు నమిలింది. తర్వాతి చుట్టకు కాగితం తగ్గించింది. ఆ తర్వాత ఇంకా తగ్గించింది. చివరికి గడ్డిని గడ్డిపోచతోనే చుట్టింది. అదీ తిన్నాక ఏనుగు తొండం చాచి తనంతట తానే ఒక గడ్డి కుదురు పెరుక్కుంది.

అడవి ఆఫీసరు పొదల్లోంచి నడిచొచ్చాడు. నవీన తిట్లకు సిద్ధపడి తల వంచుకుంది. ఆయన ఏనుగును చూశాడు, ఆమె వేళ్లను చూశాడు. కన్నడ యాస కలిసిన తెలుగులో మాట్లాడాడు.

"మా ఏనుగుల క్యాంపులో తల్లిలేని పిల్లలున్నాయి, మేత ముట్టవు. ఏనుగులతో నీకు ఎన్నేళ్ల అనుభవం?"

మూడేళ్లు అనే మాట అలవాటుగా నాలుక చివరికొచ్చింది. నవీన దాన్ని మింగేసింది.

"ఏడాదిన్నర సార్."

"చాలు. జీపు పోనీ, నువ్వుండు."

రెజ్యూమే చూపమంటాడని ఆమె సంచి తడుముకుంది. ఏనుగు ఎప్పుడో తినేసింది. ఆయన అడగనూ లేదు.