కూత ఎవరి పక్షం

మొదట్లో నా చేతిలో ఉన్నవి పద్దెనిమిది బస్తాల పట్టుకాయలు, ఒక కంచరగాడిద, రెండు జేబు గడియారాలు. టర్కీలోని బుర్సాలో బేరం చేసేవాడికి గడియారాలు రెండూ కావాలి. టర్కులు సూర్యాస్తమయం నుంచి గంటలు లెక్కపెడతారు, పరదేశి కొనుగోలుదార్లు అర్ధరాత్రి నుంచి.

కాయలు పట్టు ఫ్యాక్టరీకి తూకానికి తెచ్చిన సాయంత్రమే, అక్కడ కాయలు ఉడికించి దారం తీసే మా అక్క యెరానుహి అలసటతో తూలి, మరిగే తొట్టిలో ముంజేతి దాకా కుడిచెయ్యి పెట్టేసింది. మేస్త్రీ రషీద్ వెన్న రాయించి మళ్లీ అక్కడే కూర్చోబెట్టాడు.

చర్చి గంటకు మధ్యాహ్నం విరామం, మసీదు పిలుపుకు సాయంత్రం సెలవు. అదీ కట్టుబాటు. యంత్రాల హోరులో గంటా వినబడదు, పిలుపూ వినబడదు. ఫ్యాక్టరీ కూతే దిక్కు. ఆ సాయంత్రం కూత ఎంతకీ రాలేదు.

"మసీదులో పిలిచే మీ మౌజన్ నిద్రపోయాడా ఏమే?" అక్క ఎదుటి వరసలోని షాజియే మీద విరుచుకుపడింది.

"మధ్యాహ్నం మీ గంట కొట్టేవాడు లేచాడా? తిని తిని కదల్లేకున్నాడు!"

"పోయినేడు అదనా ఊచకోతలో నా మొగుణ్ణి చంపిందెవరే?"

"మమ్మల్ని బల్గేరియా నుంచి తరిమిందెవరు? మా అమ్మ మంచులో పోయింది. ఆ తరిమినవాళ్ల మెడలోనూ శిలువలే!"

రషీద్ నవ్వుతూ నిలబడ్డాడు. నాకు ఆ నవ్వు మీద అనుమానం కలిగింది. మర్నాడు ఫ్యాక్టరీ గోడ బయట గడియారాలు పట్టుకుని నిలబడ్డాను. చర్చి గంట వేళకే మోగింది, కూత ఇరవై నిమిషాల తర్వాత వచ్చింది. పిలుపూ వేళకే వచ్చింది, కూత అరగంట తర్వాత.

యజమాని మా చర్చివాడే. నా మొహం చూసి కనిపెట్టేశాడు. "మనవాడివి కదా, మిసాక్! ఆ ఆడవాళ్లను ఒక్కటి చేస్తే నీకేం మిగులుతుంది? నోరు మెదపకుంటే నీ కాయలు వచ్చేవారం కొంటాను."

వారం దాటితే పురుగు సీతాకోకై కాయను తొలుచుకు వస్తుంది. రెండు రోజులు నోరు మూసుకున్నాను. అది నా నష్టాల్లో రాసుకోండి. మూడోరోజు అక్క ఎడమచేత్తో రొట్టె తుంచుకోలేక అవస్థపడుతుంటే చెప్పేశాను.

"నాకు చెప్పి ఏం లాభంరా? షాజియేకి చెప్పు. నా మాట అది నమ్మదు."

షాజియే ఉండే కాందిశీకుల పేటకు వెళ్లాను.

"ఆర్మీనియన్ షావుకారు గడియారాన్ని నమ్మాలా, అయ్యా?" అంది షాజియే.

"నమ్మకు. రేపు జబ్బని చెప్పి గోడ బయట నువ్వే నిలబడు."

నిలబడింది. సాయంత్రం పిలుపు వినగానే గేటు తోసుకుని లోపలికి పరిగెత్తింది. "మౌజన్ పిలిచాడు! నా చెవులతో విన్నాను! మనల్ని కొట్టుకోమని వదిలి ఈ రషీదుగాడు కూత ఆపుతున్నాడు! లేవండే!"

ఎవరూ లేవలేదు. రషీద్ ఆమె జుట్టు పట్టుకున్నాడు. అప్పుడు మా అక్క కాలిన చేతిని నీళ్లలోంచి పైకెత్తింది. తర్వాత షాజియే వరస, ఆ తర్వాత మా అక్క వరస చేతులు పైకెత్తి లేచాయి. తోపులాటలో, బయటేమీ కనబడకుండా సున్నం పూసిన కిటికీ అద్దం ఒకటి పగిలింది.

తొమ్మిది రోజులు పని ఆగింది. సమ్మె నేరమని కొత్త చట్టం ఉంది. రెండేళ్ల క్రితం సుల్తాను మీద తిరగబడి, వీధుల్లో స్వేచ్ఛ, సమానత్వం అని కేకలు పెట్టినవాళ్లు చేసిందే. సిపాయిలు అక్కనీ షాజియేనీ ఒకే తాడుతో కట్టి తీసుకెళ్లారు.

"అదనా సంగతి నేను మర్చిపోలేదే," అంది అక్క.

"మర్చిపొమ్మన్నదెవరు? కాలు సాగించు, తాడు ఒరుసుకుంటోంది."

వెనకాల నూట నలభై మంది నడిచారు.

నా కాయలన్నీ చిల్లులు పడ్డాయి. చర్చిలో నా పక్కన ఎవరూ కూర్చోరు. రెండు నెలలకు అక్క జైలు నుంచి ఇంటికొచ్చింది, రెండు వేళ్లు ఇక వంగవు. షాజియే ఇంకా రాలేదు. మధ్యాహ్నం కూత ఇప్పుడు వేళకే వస్తోంది. సాయంత్రం కూత మాత్రం పాత ఆలస్యపు కూతే. కానీ పగిలిన అద్దంలోంచి కొండ కనిపిస్తుంది. కొండ మీద ఎండ ఆరగానే, అంటే పిలుపు వేళకే, కూత రాకపోయినా, రెండు వరసలూ నీళ్లలోంచి చేతులు తీసేస్తాయి. రషీద్ అరుస్తూనే ఉంటాడు. మొత్తానికి సాయంత్రం దక్కింది అరగంట. అదీ ఏరోజుకారోజు మళ్లీ తెచ్చుకోవలసిందే.