తిరిగి చూసిన టేకు

మా అత్తగారు సినిమాలో వేషం వేస్తానన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. గుమ్మం దాటితే మోకాళ్ళు పట్టేస్తున్నాయని సణిగే మనిషి. ఫొటో తీస్తామంటేనే మొహం పక్కకు తిప్పుకునే మనిషి.

"నవ్వకు. ఆ సినిమా అవతల కూడా వేస్తారట. డైరెక్టరే చెప్పాడు," అంది.

అవతల అంటే కంచెకి అవతల. మా ఊళ్ళో బస్సులు ఆగిపోయే చోట ఆ కంచె మొదలవుతుంది. దానికి అవతల ఆవిడ పుట్టిల్లు ఉంది, పుట్టింట్లో అన్నయ్య ఉన్నాడు. ఫోన్లు కలవవు, ఉత్తరాలు వెళ్ళవు. సరుకుల లారీ డ్రైవరొకడు మాత్రం ఎప్పుడైనా కబురు తెస్తాడు. మీ అన్న బాగానే ఉన్నాడు, జుట్టంతా ఊడిపోయింది, కొత్త సినిమా పడితే ఇప్పటికీ మొదటి ఆటకి ముందు వరసలో తయారు, అని. అత్తగారు "పిచ్చి సన్నాసి" అని తిట్టి, ఆ రోజంతా హుషారుగా తిరిగేది.

సినిమా కథ కూడా కంచె గురించే. విడిపోయిన కుటుంబాల మీద తీస్తున్నారు, రెండు వైపులా ఆడించుకోవడానికి పెద్దలు ఒప్పుకున్నారు. నేను దర్జీని కాబట్టి సినిమాలో జనంగా నిలబడేవాళ్ళ బట్టల పని నాకిచ్చారు. పనంటే కుట్టడం కాదు, కుట్టినదాన్ని పాడుచెయ్యడం. కొత్త కోటు మోచేతులు గరుకు కాగితంతో రుద్ది, టీ డికాషన్‌లో ముంచి, ఓ గుండీ తెంపి ఇస్తే "అద్భుతం" అనేవాళ్ళు. ఊళ్ళో అందరి దగ్గరా నిజం పాత కోట్లున్నాయి కదా, అవే వేసుకోమనండి అన్నాను. "అవి తెరమీద పాతగా కనబడవమ్మా," అన్నాడు డైరెక్టరు. ఒళ్ళు మండింది గానీ, నోరు మూసుకుని రుద్దుతూ కూర్చున్నాను.

అసలు కంచె దగ్గర కెమెరా పెట్టనివ్వరు. అందుకని బడి మైదానంలో కర్రలూ తీగా తెచ్చి ఉత్తుత్తి కంచె కట్టారు. దానికి రెండు వైపులా నిలబడ్డదీ మా ఊరివాళ్ళే. కూరగాయలమ్మే ఆవిడ ఇటు, ఆవిడ మొగుడు అటు. పొద్దున్నే కొట్టుకున్నంత పనిచేసి వచ్చారేమో, ఒకరికోసం ఒకరు ఏడవమంటే ఇద్దరికీ నవ్వు ఆగలేదు. మధ్యాహ్నం దాకా అదే తంతు.

ఆ సాయంత్రం అత్తగారు నా మిషను పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాకు ఆకుపచ్చ శాలువా కావాలే. అంచు పసుపు. మూల దగ్గర చిన్న అతుకు."

"అతుకెందుకత్తయ్యా?"

"ఆ రోజు అదే కప్పుకున్నాను."

ఆ రోజు సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ ఎత్తం. నేను కుట్టే ఈ మిషను వాళ్ళమ్మది. ఆవిడ పోయాక ఇది నాదంటే నాదని అన్నాచెల్లెళ్ళు మాటామాటా అనుకున్నారు. అత్తగారికి ముక్కు మీదే కోపం. మిషను బండికెక్కించి, దాని వెనకే నడుచుకుంటూ అత్తారింటికి బయల్దేరింది. అన్నయ్య గుమ్మంలో నిలబడి, "చెల్లాయ్, ఒక్కసారి ఇటు చూడవే," అన్నాడు. వీధి మలుపు దాకా పిలుస్తూనే ఉన్నాడు. ఈవిడ చూడలేదు. కోపం తగ్గాక వెళ్ళి మాట్లాడొచ్చులే అనుకుంది. ఆ వారంలోనే కంచె పడింది.

"మొహం చూసి పోల్చుకోలేడే, ముసలిదాన్నయిపోయాను," అంది. "శాలువా చూస్తే పోల్చుకుంటాడు. అప్పుడు వాడికేసి తిరిగి చూస్తాను. అంతే, ఇంకేం వద్దు నాకు."

కుట్టాను. పసుపు రంగు అది కాదని అంచు పదేపదే విప్పించింది. అతుకు మీద నేను ముచ్చటగా కుట్లు వేస్తే పెదవి విరిచింది.

"అది వేసింది వాడు. వాడికి సూది పట్టుకోవడమే రాదు. వంకరగా వెయ్యి."

ఇన్నేళ్ళ నా పనిలో వంకరగా కుట్టమని ఎవరూ అడగలేదు. చెయ్యి వినకపోతే ఎడమ చేత్తో వేశాను. అత్తగారు ఆ కుట్లని వేలితో తడిమి చూసుకుంది.

చివరి సీనులో ఆవిడ ఉంది. కలుసుకునే గడువు అయిపోయింది, ఇవతలివాళ్ళు కంచె వదిలి వెళ్ళిపోవాలి. కెమెరా కంచెకి అవతల, వాళ్ళ వీపుల వైపు. "ఎవరూ వెనక్కి తిరగొద్దు, తిరిగితే సీను పోయినట్టే," అని డైరెక్టరు మైకులో గట్టిగానే చెప్పాడు. టేకు మొదలైంది. అత్తగారు నాలుగడుగులు వేసి, ఆగి, తిరిగి సూటిగా కెమెరాలోకి చూసింది.

"కట్!"

మళ్ళీ తీశారు, మళ్ళీ తిరిగింది. మూడోసారి తీశారు, అప్పుడూ అంతే. డైరెక్టరుకి తల ప్రాణం తోకకొచ్చింది. దగ్గరికొచ్చి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

"అమ్మా, అక్కడెవరూ లేరు. అది కెమెరా."

"తెలుసు బాబూ. వాడు చూసేది అందులోంచే కదా?" అంది.

ఆయన అటు తిరిగి, ఈవిణ్ణి తీసేసి ఇంకెవర్నైనా పెట్టండన్నాడు. ఇక నా నోరు ఊరుకోలేదు. చేతిలో కత్తెరతోనే వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. మిషను, గుమ్మం, వీధి మలుపు, మొత్తం చెప్పాను. అబద్ధమెందుకు, ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సరే. ఒక్క టేకు ఆవిడ ఇష్టం," అన్నాడు.

ఆ టేకులో అత్తగారు నడిచింది, ఆగింది, తిరిగింది. ఏడవలేదు. బస్సెక్కబోయే మనిషిని చూసినట్టు కళ్ళారా చూసింది. అటువైపు నిలబడ్డ కూరగాయలావిడ మొగుడు గట్టిగా ముక్కు చీదాడు. అందరూ చప్పట్లు కొట్టారు, డైరెక్టరు అత్తగారి రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. రుద్ది రుద్ది తోలు లేచిన నా వేళ్ళు ఆ రోజు నొప్పనిపించలేదు.

సినిమా రెండు వైపులా ఒకే రోజు, ఒకే వేళకి వేస్తారని తెలిశాక అత్తగారు లారీ డ్రైవరుతో కబురు పంపింది. "నేనున్నానని చెప్పు. మధ్యలో లేచిపోవద్దను. చివరిదాకా కూర్చోమను." డ్రైవరు అది చెప్పాడట. అవతలాయన నవ్వి, నేనెప్పుడు లేచాను గనక అన్నాడట.

హాల్లో మేం కూడా ముందు వరసలోనే కూర్చున్నాం. తల ఎత్తి ఎత్తి మెడ పట్టేసింది. అయినా అత్తగారు వెనక్కి వెళ్దామంటే ఒప్పుకోలేదు. అవతల వాడూ ఇలాగే చూస్తుంటాడు కదా అంది. చివరి సీను వచ్చింది. తెరనిండా మా శాలువా. ఆకుపచ్చ, పసుపు అంచు, మూలన వంకర అతుకు. ఎంత స్పష్టంగా తీశారంటే కుట్లు లెక్కపెట్టొచ్చు. ఏ కళ్ళయినా పోల్చుకుంటాయని పొంగిపోయాను. అత్తగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తెరమీద ఆవిడ నడిచింది. ఆగింది. భుజం కదిలింది.

తెర నల్లబడి పేర్లు పడ్డాయి.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నా చేతిమీద అత్తగారి పట్టు అలాగే ఉంది. విడిపించుకుని బయటికి పరుగెత్తాను. డైరెక్టరు తలుపు దగ్గర అందరి అభినందనలూ అందుకుంటున్నాడు.

"ఆ టేకేది సార్?"

నీళ్ళు నమిలాడు. "ఎడిటింగ్‌లో పెట్టి చూశానమ్మా. ఆవిడ తిరిగితే జనం హమ్మయ్య అనుకుని ఇంటికెళ్ళిపోతారు. తిరక్కపోతే ఆ బాధ వాళ్ళతోనే వెళ్తుంది."

"మరి ఆయనకో?"

"ఎవరికి?" అన్నాడు. నటన కాదు, నిజంగానే మర్చిపోయాడు.

నా చెయ్యి లేచేదే. వెనకనుంచి అత్తగారు వచ్చి జబ్బ పట్టుకుని లాగింది. ఆయనకేసి చూడనైనా చూడలేదు. హాలు మెట్లమీద కూలబడి మోకాళ్ళు రాసుకుంటూ ఉండిపోయింది. జనం మమ్మల్ని తప్పించుకుని దిగిపోతున్నారు. ఒకావిడ ఈవిణ్ణి గుర్తుపట్టి, ఎంత బాగా చేశావు పిన్నీ, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంటే గుండె పిండేసిందీ అని చెప్పి మరీ వెళ్ళింది.

"అవతల కూడా ఇప్పుడే వదిలుంటారు కదే?"

"ఆఁ అత్తయ్యా."

"చివరిదాకా కూర్చోమన్నాను," అంది. "కూర్చునే ఉంటాడు."