నీలం టేపు ఇల్లు

సెల్విన్ ఏదైనా కొనాలనుకుంటే ముందు దాన్ని నేలమీద టేపుతో గీస్తాడు. ఫ్రిజ్ అయినా అంతే, సోఫా అయినా అంతే. గోడలకు రంగులేసేవాళ్లు అంచుల వెంబడి అంటించుకునే టేపు చుట్ట ఒకటి ఎప్పుడూ అతని జేబులో ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. పెళ్లైన కొత్తలో, సముద్రం ఒడ్డునున్న మా ఊరు రివర్టన్‌లో, మెయిన్ రోడ్డు మీద మేం కొట్టు కోసం అద్దెకు తీసుకున్న ఖాళీ గదిలో ఇలాగే మోకాళ్ల మీద పాకుతూ టేపు అంటించి, "ఇవి నూనె బాణళ్లు, ఇది గల్లాపెట్టె, ఈ మధ్య సందులో మనిద్దరం" అన్నాడు.

"ఆ సందులో పిల్లి కూడా పట్టదు" అన్నాను.

"పడతాం గ్లెనిస్. ఒకళ్లు వస్తుంటే ఇంకొకళ్లు జరుగుతారు, అంతేగా."

ఆ సందులో ముప్ఫై ఏళ్ల పైనే పట్టాం. చేపలూ బంగాళదుంప ముక్కలూ నూనెలో వేయించి, కాగితంలో చుట్టి, ఊరందరికీ అమ్మాం. నేను బాణళ్ల దగ్గర ఉంటే సెల్విన్ మిగతా అన్ని చోట్లా ఉండేవాడు. సలసల కాగుతున్న ట్రే పట్టుకుని నా వీపు వెనకనుంచి దూరేటప్పుడల్లా "వెనకున్నా!" అని అరిచేవాడు. నేను తల తిప్పకుండానే నడుం ఎడమవైపుకి లాక్కునేదాన్ని. శుక్రవారం సాయంత్రాలు జనం వరస వీధి మలుపు దాకా ఉండేది. ఆ సాయంత్రాల్లో ఆ మాట ఎన్నిసార్లు వినేదాన్నో లెక్కలేదు. అతని నోటికీ నా నడుముకీ అలవాటైపోయింది. రోజూ పోట్లాడుకునేవాళ్లం, కానీ ఒక్కసారి కూడా ఒకళ్లనొకళ్లం కాల్చుకోలేదు.

మూడేళ్ల కిందట కొట్టు అమ్మేసి, కొండమీద పెద్ద ఇల్లు కొన్నాం. నాలుగు పడకగదులు, కిటికీ తెరిస్తే సముద్రం. ఎంత అదృష్టవంతులో అన్నారు అందరూ. నేనూ అన్నాను. సెల్విన్ కింద గరాజ్‌లో మిషను పెట్టుకుని, దానిమీద చెక్క దుంగల్ని తిప్పి గిన్నెలు తొలవడం మొదలుపెట్టాడు. ఊళ్లో మా గిన్నె లేని ఇల్లు లేదు, మా ఇంట్లో గిన్నె లేని మూల లేదు. నేను పైన ఎండ పడే గదిలో రేడియో పెట్టుకుని అల్లుకుంటూ కూర్చునేదాన్ని. ఓ చలికాలం దగ్గు పట్టుకుని, నాకు నిద్రాభంగం ఎందుకని పక్క గదిలో పడుకున్నాడు. దగ్గు తగ్గింది, మనిషి మాత్రం తిరిగి రాలేదు. రమ్మని నేను అనలేదు, వస్తానని అతను అనలేదు. గరాజ్‌లోంచి ఫోనులో "టీ?" అని మెసేజ్ పెట్టేవాడు. నేను పైనుంచి "ఇప్పుడే తాగాను" అని పంపేదాన్ని.

ఒకే ఇంట్లో ఉంటూ నాకు నా మొగుడి మీద బెంగ పట్టుకుంది. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు.

అందుకే కిందటి వసంతంలో నేనే కదిపాను. భూమికి ఈ దక్షిణపు కొసన వసంతం సెప్టెంబరులో వస్తుంది. "బడిపిల్లల వేసవి సెలవులు అయిపోయాక, ఫిబ్రవరిలో బయల్దేరి దేశం ఈ చివరనుంచి ఆ చివరదాకా పోదాం. ఏ ఒడ్డు నచ్చితే ఆ ఒడ్డునే పడుకుందాం" అన్నాను. సెల్విన్ వెంటనే సరేనన్నాడు. పేచీ అంతా ఏ బండి కొనాలన్న దగ్గరే వచ్చింది.

నేను కోరింది మామూలు క్యాంపర్ వ్యాన్. వెనక ఒక మంచం, పక్కన ఒక పొయ్యి, అరచెయ్యంత సింకు, అంతే. సెల్విన్ మనసు పడింది పక్క పట్నం ఇన్వర్కార్గిల్‌లో ఒక ముసలి జంట అమ్మకానికి పెట్టిన పాత మోటార్‌హోమ్ మీద. చక్రాల మీద ఇల్లే అది. మధ్యలో తలుపున్న మరుగుదొడ్డి, ముందు ఒక మంచం, వెనక ఒక మంచం.

ముందొకటి, వెనకొకటి. ఫోటోలో ఆ రెండు మంచాలూ చూడగానే నా మనసు చివుక్కుమంది. బండెక్కినా నాకు దూరంగానే పడుకుంటాడన్నమాట! "నా పక్కన ఉండటం నీకిష్టం లేదా?" అని అడిగితే ఆ పూటే తేలిపోయేది. కానీ నా నోరు అరవడానికి తిరుగుతుంది, దెప్పడానికి తిరుగుతుంది, ఇలాంటి వాటికి తిరగదు. కాబట్టి సాకులు వెతికాను.

"అంత బండిని నువ్వు వెనక్కి తీయగలవా? మొన్న కారు వెనక ట్రాలీ కట్టుకుని లైబ్రరీ గోడ గుద్దావు."

"గుద్దలేదు. రాసుకుంది."

"గోడే వచ్చి రాసుకుందా?"

"ఈ బండికి వెనక కెమెరా ఉంది" అన్నాడు, గోడ సంగతి దాటేసి.

"ఘాట్ రోడ్డులో నత్తలా పోతుంది. వెనక బళ్లవాళ్లంతా తిడతారు."

"శుక్రవారం వరసలో నిలబడి ఊరంతా తిట్టేవాళ్లుగా, అలవాటే. సరే, నీ వ్యాన్‌లో మరుగుదొడ్డి ఏదీ?"

"మంచం కింద పెట్టె ఉంటుంది. లాక్కుని కూర్చోవడమే."

"నువ్వు కూర్చుంటే నేనెక్కడ ఉండాలి?"

"వానలో" అన్నాను.

నవ్వాడే కానీ మెత్తబడలేదు. "ఎందుకీ గొడవ, గీసి చూద్దాం" అంటూ జేబులోంచి టేపు తీశాడు. నీలం రంగుది.

గిన్నెలన్నీ ఓ గోడకి నెట్టి, గరాజ్ నేలమీద రెండు బళ్లూ పక్కపక్కన గీశాడు. తలుపులు, మంచాలు, పొయ్యి, సింకు, దేనికదే. మంచాల గీతల్లో పరుపులు పరిచాం. శనివారమంతా మోటార్‌హోమ్‌లో, ఆదివారం వ్యాన్‌లో ఉండి చూడాలని ఒప్పందం. గీత దాటితే గోడ దాటినట్టే, తలుపు దగ్గర్నుంచే రావాలి, పోవాలి. మా ఇద్దరికీ కలిపి నూట ముప్ఫై ఏళ్లు దాటాయంటే ఎవరూ నమ్మరు.

శనివారం ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. బాధ అదే. ముందు పరుపు మీద నేను, వెనక పరుపు మీద పేపరు పట్టుకుని సెల్విన్. మధ్యలో బోలెడు నేల. కాసేపటికి నా ఫోను గణగణలాడింది. చూస్తే "టీ?" అని మెసేజ్. తలెత్తి చూశాను. టేపు ఇంటికి ఆ చివర కూర్చుని, కళ్లజోడు ముక్కు మీదికి జారి, నా జవాబు కోసం ఫోనులోకి చూస్తున్నాడు.

"ఎలా ఉంది?" అని సాయంత్రం అడిగాడు.

"హాయిగా ఉంది" అన్నాను పళ్ల బిగువున.

"నే చెప్పలా? అచ్చం మన ఇంట్లో ఉన్నట్టే ఉంది" అన్నాడు సంబరంగా.

ఆదివారం వ్యాన్‌లోకి మారాం. మారిన క్షణం నుంచీ రణరంగమే. నేను వంగితే అతని మోకాలు, అతను తిరిగితే నా భుజం.

"నీ మోచెయ్యి నా టీలో ఉంది."

"నా మోచెయ్యి కింద నువ్వు టీ పెట్టావు."

"ఇదిగో, గోడలోంచి నడుస్తున్నావు! తలుపు అక్కడుంది."

"తలుపుకి నువ్వు అడ్డంగా ఉన్నావు మహాతల్లీ!"

మధ్యాహ్నానికి చీజ్ రోల్స్ చేద్దామని రొట్టె ముక్కలు పరిచి చీజ్ ముద్ద రాస్తున్నాను. నా వెనక చిన్న గ్యాస్ పొయ్యి మీద కెటిల్ మరిగింది. సెల్విన్ దాన్ని ఎత్తి ఇటు తిరుగుతూ, అలవాటు కొద్దీ, "వెనకున్నా!" అన్నాడు.

నా నడుం దానంతటదే ఎడమవైపుకి పోయింది. కెటిల్ సాఫీగా నా పక్కనుంచి వెళ్లింది. ఇద్దరం ఆగిపోయాం. ఆ మాట విని మూడేళ్లైంది.

"అరె, నీ నడుం ఇంకా మర్చిపోలేదే!" అన్నాడు.

"పని మానేసింది నేను. అది కాదు" అన్నాను. ఇన్నాళ్లూ నేను బెంగపడింది దేనికోసమో అప్పుడు తెలిసింది. ఈ మనిషి నా వీపు వెనకనుంచి పోవాలి. వస్తున్నానని చెప్పాలి. నేను జరగాలి. అంతకంటే నాకేమీ అక్కర్లేదు.

ఇక వ్యాన్ అంటాడు, ఇప్పుడంటాడు, అని చూస్తున్నాను. సెల్విన్ కెటిల్ దించి, చెయ్యి తుడుచుకుని, "చూశావుగా ఎంత ఇరుకో. ఇంకాస్త అయితే కాలిపోయేదానివి. రేపు వెళ్లి ఆ మోటార్‌హోమ్ చూసొద్దాం" అన్నాడు.

చేతిలో ఉన్న చీజ్ చెంచా అతని నెత్తిన వెయ్యకుండా ఎలా ఆగానో నాకే తెలీదు.

ఇన్వర్కార్గిల్‌లో బండి యజమానురాలి పేరు జాయిస్. ఎనభైకి దగ్గర్లో ఉంటుంది, మాట మాత్రం గలగలా ఉంటుంది. వెనకే ఆమె భర్త నెవిల్, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అర్థమైనా కాకపోయినా నవ్వుతూ నిలబడ్డాడు. బండి అద్దంలా ఉంది. కర్టెన్లకు ఇస్త్రీ కూడా చేసినట్టున్నారు.

"ఇందులో ఎన్ని ఊళ్లు తిరిగామో! ఒక్కనాడు మాటా మాటా అనుకున్నది లేదు" అంది జాయిస్. "ఆయన అటు, నేను ఇటు. ఎవరి టీవీ వాళ్లది. ఇదిగో, ఈ మధ్య తలుపు జరిపేస్తే అవతల మనిషి ఉన్నాడో లేడో కూడా తెలీదు. అంత ప్రశాంతం!"

"ఏమంటోంది?" అని నెవిల్ నన్ను అడిగాడు.

"ప్రశాంతంగా ఉంటుందంటున్నారు" అని గట్టిగా చెప్పాను.

సెల్విన్ ఆ తలుపు జరిపాడు, తెరిచాడు. వెనక మంచం దగ్గరికి వెళ్లి అక్కణ్ణించి నన్ను పిలిచాడు. "గ్లెనిస్, చేతులు చాపు."

"ఎందుకు?"

"చాపవోయ్, చెప్తాను."

దిష్టిబొమ్మలా రెండు చేతులూ చాపి నిలబడ్డాను.

"ఎక్కడా తగలట్లేదు కదా?" అన్నాడు. అతని మొహంలో ఆ వెలుగు, కొత్త గిన్నె పూర్తిచేసి నాకు చూపించేటప్పటి వెలుగు. "ముప్ఫై ఏళ్లు నిన్ను ఆ సందులో నిలబెట్టాను. ఎండాకాలం కూడా ఆ నూనె సెగలోనే. అటు తిరిగితే నేను, ఇటు తిరిగితే నేను. ఎప్పటికైనా నీ చోటు నీకు ఇవ్వాలని నాకు ఉండేది. ఆ పెద్ద ఇల్లు అందుకే కొందామన్నాను. పక్క గదిలోనూ అందుకే ఉండిపోయాను. దారిలో కూడా నీకు అడ్డం రాను. నువ్వు హాయిగా ఉండాలి."

"ఎంత మంచాయనమ్మా!" అంది జాయిస్.

నా చేతులు చాపినవి చాపినట్టే ఉండిపోయాయి. ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. మూడేళ్లుగా ఈయన నాకు కానుక ఇస్తున్నాడు, నేనేమో దాన్ని శిక్షలా అనుభవిస్తున్నాను. ఇప్పుడు కూడా నోరు తెరవకపోతే మిగిలిన నా బతుకంతా ఈ కానుకలోనే గడిచిపోతుంది.

"నాకు నువ్వు అడ్డం రావాలి" అన్నాను.

"ఏంటీ?"

"అడ్డం రావాలి సెల్విన్. తగలాలి. నా టీలో నీ మోచెయ్యి ఉండాలి. ఇంత చోటు నేనేం చేసుకోను? గిన్నెలు పేర్చుకోనా? ఇంట్లో నువ్వు కనపడక నేను చచ్చిపోతున్నాను."

జాయిస్ ఆ మధ్య తలుపుని సగం జరిపి, మళ్లీ తెరిచింది. సెల్విన్ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు.

"గురక పెడతాను కదా" అన్నాడు చివరికి, చిన్నగా.

"ఒకటి వేస్తాను."

"మరి మరుగుదొడ్డి?"

"నువ్వు కూర్చుంటే వానలో నేనే నిలబడతాను!"

అంత దూరంనుంచి నడిచి నా దగ్గరికి వచ్చాడు. వచ్చి నా చేతులు రెండూ తనే కిందికి దించాడు. తర్వాత జాయిస్ వైపు తిరిగి, "బండి చాలా బాగుందండీ. మాకే మరీ పెద్దదైపోయింది" అన్నాడు.

"ఏమంటున్నారు?" అని అడిగాడు నెవిల్.

ఈసారి జాయిసే జవాబిచ్చింది. అతని పక్కకి వెళ్లి, మునివేళ్ల మీద లేచి, చెవిలో చెప్పింది. చాలాసేపు చెప్పింది. మేం వెళ్లేటప్పటికి కూడా ఆమె చెయ్యి అతని భుజం మీదే ఉంది.

క్రిస్మస్ లోపలే వ్యాన్ కొన్నాం. ఫిబ్రవరిలో బయల్దేరి మొదటి మజిలీ కాట్లిన్స్ తీరంలో వేశాం. తెల్లారేసరికి వాన. సెల్విన్ గురక పెట్టాడు, నేను మాట నిలబెట్టుకున్నాను. నా మోచేతి మీద అప్పటికే కమిలిన మచ్చ ఒకటి, అతని నుదుటి మీద అలమర తలుపు తగిలిన బొప్పి ఒకటి. మంచం సర్దలేదు. సర్దాలంటే ఒకళ్లు బయటికి పోవాలి, ఎవరికీ తడవాలని లేదు.

పక్క బండివాళ్లు పొద్దున్నే వల తీసి ఇచ్చిన చేపను పెనం మీద వేశాను. నూనె చిటపటలాడుతోంది. అప్పుడు వినిపించింది.

"వెనకున్నా!"

తల తిప్పకుండా నడుం ఎడమవైపుకి లాక్కుని, వెళ్లనిచ్చాను. ఎవరూ వెళ్లలేదు. ఇంకాస్త ఆగి వెనక్కి తిరిగి చూశాను. సెల్విన్ నా భుజానికి ఆనుకున్నంత దగ్గరలో నిలబడి ఉన్నాడు. కెటిల్ లేదు, పళ్లెం లేదు. చేతులు రెండూ ఖాళీ.

"జరుగు, చేప మాడుతోంది" అన్నాను.

"ఎక్కడికి జరగను?" అన్నాడు.